భూపాలపల్లి నేల క్రింది చలి అడవి

ఓరుగల్లు సీమ చరిత్ర అనగానే మనకు కాకతీయుల కోటలు, తోరణాలు, చెరువులు స్ఫురిస్తాయి. పాలకుర్తి అనగానే సోమనాథుడు, బమ్మెర అనగానే పోతన జ్ఞప్తికి వస్తారు. ఈ చరిత్ర మనకు దక్కినది శాసనాల వల్ల, తాళపత్రాల వల్ల. ఐతే అంతకు ఎంతో పూర్వపు చరిత్రకు కూడా ఈ సీమలో శాసనాలు ఉన్నవి. అవి మనుష్యులు ఉలితో చెక్కినవి కావు. బురదలో రాలిన ఆకులు తమంతట తాము అచ్చుపడి రాళ్ళైనవి. వాటిని చదవడం నేర్చుకొనడానికి పండితులకు నూరేండ్లకు పైగా పట్టినది. ఆ కథనే ఈ ప్రసంగంలో మేము శ్రోతలకు మనవి చేయదలచినాము.

కథకు మూలం ఒక ఆకు. దానికి మొదట పెట్టిన పేరు ఫెర్ను. కనుక ఫెర్ను అంటే ఏమో రెండు మాటలలో చెప్పుకొనడం అవసరం. పూవు పూయని, విత్తు పెట్టని మొక్కలలో ఫెర్నులది పెద్ద కుటుంబం. లేత ఆకు గడియారపు స్ప్రింగువలె చుట్టుకొని పుట్టి, మెల్లగా విప్పుకుంటుంది. ఆకు అడుగున గోధుమరంగు చుక్కలవంటివి వరుసగా కనబడతాయి. అవి సిద్ధబీజాల తిత్తులు. వాటినుండి రాలిన ధూళివంటి సిద్ధబీజాలు తడి నేలమీద మొలకెత్తుతాయి. సంతానోత్పత్తిలో ఒక ఘట్టానికి నీటి పొర తప్పనిసరి. అందువల్ల ఫెర్నుకు నీడ కావాలి, చెమ్మ కావాలి. ఐరోపాలోని ఓకు అడవుల అడుగున, హిమాలయపు దేవదారు వనాల అడుగున ఇవి తివాచీ పరచినట్లు పెరుగుతాయి.

పూర్వం ఐరోపా జనులకు ఫెర్ను విత్తనం ఎక్కడా కనిపించక, అది అదృశ్య బీజమనీ, దానిని సంపాదించినవాడు తానూ అదృశ్యుడౌతాడనీ నమ్మకం ఉండేది. 1851లో జర్మను శాస్త్రజ్ఞుడు హోఫ్‌మైస్టరు ఫెర్నుల జీవితచక్రాన్ని విశదపరచిన తరువాత ఆ రహస్యం తీరినది. కనిపించని విత్తనం కథ మన ఆకు విషయంలో మరొక రూపంలో ఎదురౌతుంది.

మన జిల్లాల ఎండకు ఫెర్నులు వనాలుగా పెరగవు. పాత దిగుడుబావుల రాళ్ళ సందులలో, వాగుల ఒడ్డున నీడపట్టున, మహబూబాబాదు జిల్లా గూడూరు మండలంలోని భీముని పాదం జలపాతం వంటి తడి చరియల దగ్గర వెదకవలసినదే. వైద్యులు హంసపాది అని వ్యవహరించే మొక్క ఈ కుటుంబంలోనిదే. తక్కినదంతా టేకు, మద్ది, తునికి పెరిగే పొడి అడవి. ఇటువంటి చోట, సమశీతోష్ణ మండలపు చల్లని అడవి ఒకప్పుడు నిలిచి ఉండెనని చెబితే నమ్మశక్యం కాదు. కాని సాక్ష్యం ఉన్నది. అది ఎక్కడ ఉన్నదో తెలియాలంటే జనగామ నుండి తూర్పుగా ప్రయాణం చేయవలెను.

2016 అక్టోబరు 11న ఏర్పడిన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలు పాలనా సౌకర్యానికి గీసిన గీతలు. భూమి మాత్రం అదే వరుసలో మూడు వేర్వేరు యుగాలను పరచి ఉంచినది.

జనగామ ప్రాంతం గ్రానైటు సీమ. జఫర్‌గఢ్ కోట నిలిచిన గుట్ట, పాలకుర్తి సోమేశ్వరుని గుట్ట, ఊరూరా కనిపించే పరుపుబండలు, అన్నీ భూగర్భంలో కరగి చల్లబడిన రాళ్ళే. వీటి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు, కొన్నింటికి అంతకు పైన. నీరు పగుళ్ళలో తప్ప నిలువని ఈ రాతిలో బావి త్రవ్వుకొనేవాని కష్టం జనగామ రైతుకు చెప్పనక్కరలేదు. ఈ రాతిలో ఆకు అచ్చుకోసం వెదకడం వృథా. ఆ రాయి పుట్టేనాటికి నేలమీద మొక్క అనేదే లేదు.

మహబూబాబాదు జిల్లాలో గ్రానైటు ముగిసి, తూర్పున గూడూరు, కొత్తగూడ అడవుల వైపు పోగా మరొక రకపు రాళ్ళు తల ఎత్తుతాయి. ఇవి పురాతన సముద్రాల అడుగున ఇసుక, బురద, సున్నం పొరలు పొరలుగా పేరుకొని గట్టిపడినవి. సమీపంలోని పాకాల చెరువు పేరు మీదుగా భూశాస్త్రజ్ఞులు వీటికి పాకాల శిలలని పేరుపెట్టినారు. గణపతిదేవుని కాలపు చెరువు పేరు నూరు కోట్ల సంవత్సరాలు దాటిన రాళ్ళకు దక్కినది. మహబూబాబాదు పాతపేరు మానుకోట. మాను అంటే చెట్టు గదా! కాని అక్కడి రాళ్ళలోనూ చెట్టు జాడ ఉండదు. భూమిపై తొలి మొక్కలు తలయెత్తినది సుమారు 47 కోట్ల సంవత్సరాల క్రిందటనే.

ఇక భూపాలపల్లి. ఇక్కడ భూమి కథ మారుతుంది. గోదావరి లోయ పొడవునా రెండు ప్రక్కల నేల పగిలి, నడిమి భాగం మెల్లగా క్రుంగుతూ వచ్చినది. వాయవ్యం నుండి ఆగ్నేయానికి సాగిన ఈ పల్లంలోనికి కోట్ల సంవత్సరాలపాటు నదులు ఇసుకను, ఒండ్రును తెచ్చి నింపినవి. నేల క్రుంగుతున్నకొద్దీ నదులు నింపుతూ పోయినందువల్ల కొన్ని కిలోమీటర్ల మందం గల ఇసుకరాళ్ళు, పలకరాళ్ళు ఏర్పడినవి. వాటి నడుమ నల్లని పొరలే మన బొగ్గు.

ఈ బొగ్గును లోకానికి ఎరుకపరచినవాడు భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగు. 1871 ప్రాంతంలో ఆయన ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించినాడు. అక్కడి ఒక బొగ్గుపొరకు కింగ్ సీమ్ అనే పేరు స్థిరపడినది. ప్రాణహిత, గోదావరి లోయల భూగర్భంపై ఆయన వ్రాసిన బృహద్గ్రంథం 1881లో వెలువడినది. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ గనుల హక్కు పొందినది. 1888లో రైలుమార్గం డోర్నకలు మీదుగా గనులకు చేరినది. మరుసటి ఏడు బెజవాడను ముట్టినది. ఆ కంపెనీయే 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీగా మారినది. జనగామ, మానుకోట స్టేషనులలో ఆగి పొగ చిమ్మిన ఆవిరియంత్రాలు కోట్ల సంవత్సరాల నాటి అడవులను మండించుకుంటూ పోయినవి. ప్లాటుఫారం మీద నిలిచినవారికి ఆ సంగతి తెలియదు.

ఆ అడవి ఏది? 1828లో ఫ్రెంచి పండితుడు ఆడాల్ఫ్ బ్రాన్‌యార్ భారతదేశం నుండి, ఆస్ట్రేలియా నుండి తెచ్చిన రాతి ఆకులను పరీక్షించినాడు. ఆకు నాలుకవలె ఉన్నది. నడుమ గట్టి ఈనె. దానినుండి ప్రక్క ఈనెలు వల అల్లినట్లు ఒకదానితో ఒకటి కలిసి ఉన్నవి. ఇటువంటి వల ఈనెలు కొన్ని ఫెర్నులకు ఉంటాయి. కనుక ఆయన దానికి గ్లాసాప్టెరిస్ అని పేరుపెట్టినాడు. గ్రీకుభాషలో దానికి నాలుక ఫెర్ను అని అర్థం. కొన్ని ఆకులు రెండంగుళాలకు మించవు; కొన్ని అడుగు పొడవు దాటుతాయి. ఆ ఆకులతో పాటే దొరికే మరొక వింత శిలాజం వెన్నుపూసలు వరుసగా పేర్చినట్లు కనబడేది. దానిని వేరే మొక్క అనుకొని వర్టెబ్రేరియా అన్నారు. అది గ్లాసాప్టెరిస్ చెట్టు వేరేనని తరువాత తేలినది. లోపల గాలి గదులు గల వేరు అది. నీరు నిలిచిన బురదలో చెట్టుకు ఊపిరి అందించే ఏర్పాటు.

ఆ బురద ఉష్ణమండలపు బురద కాదు. 1856లో బ్లాన్‌ఫర్డు సోదరులు, థియోబాల్డు ఒరిస్సాలోని తాల్చేరు వద్ద బొగ్గుపొరలకు అడుగున ఒక వింత చూచినారు. మెత్తని బురదరాతిలో పెద్ద పెద్ద గుండ్లు చిక్కుకొని ఉన్నవి. నది ఐతే గుండ్లను ఒకచోట, బురదను మరొకచోట వేరుపరచి దింపుతుంది. అన్నింటినీ కలిపి మోసేది మంచు మాత్రమే. భారతదేశం ఒకప్పుడు హిమానీనదాల క్రింద ఉండెనని వారు సాహసించి చెప్పినారు. అటువంటి తాల్చేరు శిలలు గోదావరి లోయలోనూ బొగ్గుకు అడుగున ఉన్నవి.

సుమారు 29 కోట్ల సంవత్సరాల క్రిందట ఆ మంచు వెనుకకు తగ్గినది. కరగిన నీటితో చిత్తడియైన పల్లాలలో గ్లాసాప్టెరిస్ అడవి లేచినది. రాతిగా మారిన మానులలో ఏటేటి వలయాలు స్పష్టంగా కనిపిస్తాయి. అంటే వేసవి, శీతకాలం తేడా గట్టిగా ఉన్నదన్నమాట. ఒకే పొరలో చాపలు పరచినట్లు ఆకులు గుట్టలుగా దొరకడం వల్ల, చలికాలం రాగానే చెట్లు ఆకు రాల్చేవని ఊహించినారు. ఆ పెద్ద చెట్ల నీడలో నిజమైన ఫెర్నులూ ఉండేవి. నియోమారియాప్టెరిస్ వంటి సన్నని చీలికల ఆకులు భారతదేశపు బొగ్గుక్షేత్రాల పలకరాళ్ళలో గ్లాసాప్టెరిస్‌తో కలిసి దొరికినవి. నేడు హిమాలయాలలో దేవదారు క్రింద కనిపించే దృశ్యమే, చెట్టు వేరైనా, ఆనాడు మన బొగ్గు సీమలో ఉండినది. వేసవిలో 45 డిగ్రీల ఎండకు మాడే నేలకు ఇది పూర్వజన్మ వంటిది.

ఇంత చలి ఇక్కడికి ఎట్లా వచ్చినది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకుతూ పండితులు మన దేశపు పేరు ఒకటి ప్రపంచానికంతటికీ ఇచ్చినారు. 1872లో మెడ్లికాటు మధ్యభారతంలోని బొగ్గుశిలలకు గోండ్వానా అని పేరుపెట్టినాడు. గోండుల సీమ అని దాని అర్థం. 1885లో ఆస్ట్రియా పండితుడు సూయెస్, ఇవే ఆకులు ఆఫ్రికాలోనూ ఉండడం గమనించి, దక్షిణాన ఒక మహాఖండం ఉండెనని ప్రతిపాదించి దానిని గోండ్వానాలాండు అన్నాడు. గోండులు తమను తాము కోయితూరు అని చెప్పుకుంటారు. మహబూబాబాదు, భూపాలపల్లి, ములుగు అడవులలోని కోయలదీ అదే మాట. ఒక మహాఖండం పేరు వెనుక ఈ అడవిబిడ్డల బంధువులు ఉన్నారన్న సంగతి మన పిల్లలకు తెలియడం మంచిది.

సూయెస్ మాటకు తిరుగులేని సాక్ష్యం భూమి చివర దొరికినది. 1912 జనవరిలో కెప్టెన్ స్కాటు, నలుగురు సహచరులు దక్షిణధ్రువం చేరి తిరుగుముఖం పట్టినారు. ఫిబ్రవరి 8న బియర్డ్‌మోరు హిమానీనదం దగ్గర ఆగి, డాక్టరు విల్సను ఆకు అచ్చులున్న రాళ్ళను ఏరినాడు. తిండి తరిగినది, కాళ్ళు మంచుకు చచ్చుబడినవి. అయినా సుమారు 35 పౌనుల రాళ్ళను వారు బండినుండి దించలేదు. ఐదుగురూ మరణించినారు. నవంబరులో వారి గుడారం కనుగొన్నప్పుడు రాళ్ళు అక్కడే ఉన్నవి. 1914లో కేంబ్రిడ్జి ఆచార్యుడు సీవర్డు వాటిని పరీక్షించి, ఆకు పేరు చెప్పినాడు: గ్లాసాప్టెరిస్ ఇండికా. మన దేశం పేరు పెట్టుకొన్న ఆకు ధ్రువపు మంచులో!

చెట్లు సముద్రాలు ఈదలేవు. కనుక ఖండాలే కలిసి ఉండి విడిపోయినవని చెప్పవలసి వచ్చినది. 1912లో వెగ్నరు చెప్పిన ఖండచలన సిద్ధాంతానికి ఈ ఆకు ముఖ్యమైన ఆధారాలలో ఒకటి. భారతదేశం ఆనాడు దక్షిణార్ధగోళంలో, ధ్రువానికి ఎంతో దగ్గరగా ఉండినది. తరువాత విడివడి ఉత్తరంగా సాగి, సుమారు 5 కోట్ల సంవత్సరాల క్రిందట ఆసియాను తాకి హిమాలయాలను లేపినది. చలి ఇక్కడికి రాలేదు. మన నేలే చలిని వదలి వచ్చినది.

సీవర్డు దగ్గర కేంబ్రిడ్జిలో చదివిన భారతీయ శిష్యుడు ఒకరు ఉన్నారు. ఆయన బీర్బల్ సాహ్ని. గురుశిష్యులిద్దరూ కలిసి 1920లో గోండ్వానా మొక్కలపై గ్రంథం వెలువరించినారు. 1923లో సాహ్ని ఒక గ్లాసాప్టెరిస్ ఆకు పైపొర నిర్మాణాన్ని పరిశీలించి ప్రకటించినారు. ఆకు ఆకారాన్ని కాక దాని చర్మాన్ని చదవడం అది. 1949 ఏప్రిల్ 3న లక్నోలో ఆయన సంస్థ భవనానికి జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసినారు. ఆ శంకుశిలలో శిలాజాలను పొదిగినారు. వారం తిరుగకుండానే సాహ్ని కన్నుమూసినారు. ఆ సంస్థ నిలిచినది. గోదావరి లోయ బోరు రంధ్రాలనుండి తీసిన రాళ్ళలో కంటికి కనబడని పుప్పొడిని పరీక్షించి, ఏ పొర ఏ కాలానిదో నిర్ణయించే పని అక్కడి పండితులు చేస్తూ వచ్చినారు.

ఇంతకూ ఇది ఫెర్నేనా? నూరేండ్లకు పైగా సందేహం తీరలేదు. ఆకు అడుగున సిద్ధబీజాల తిత్తులు నమ్మదగిన విధంగా ఎవరికీ కనబడలేదు, విత్తనమూ కనబడలేదు. 1952లో దక్షిణాఫ్రికా పండితురాలు ఎడ్నా ప్లమ్‌స్టెడ్ ఆకులకే అంటుకొని ఉన్న ఫలభాగాలను వర్ణించినారు. ఆ రాళ్ళు వెరీనిగింగ్ పట్టణంలో ఒక స్థానిక అన్వేషకుడు సేకరించినవి. 1977లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు నుండి వచ్చిన, కణాలు చెడని శిలాజాలలో విత్తనాలు నిస్సందేహంగా కనిపించినవి. గ్లాసాప్టెరిస్ ఫెర్ను కాదు. విత్తనం పెట్టే చెట్టు.

ఐతే బ్రాన్‌యార్‌ను పూర్తిగా పొరబడినవాడని కొట్టివేయడానికి వీలులేదు. 2003లో అదే క్వీన్స్‌లాండు శిలాజాలలో, విత్తనం లోపల ఈదుతూ పోయే పురుషబీజ కణాలు కనుగొన్నారు. నీటిలో ఈదే పురుషబీజం ఫెర్ను లక్షణం. ఈత చెట్టును పోలిన సైకాసు మొక్కలలో అది ఇప్పటికీ మిగిలి ఉన్నది. అనగా ఈ చెట్టు విత్తనపు యుగంలో అడుగుపెట్టి కూడా ఫెర్నుల పూర్వాచారాన్ని విడువలేదు. పేరు తప్పైనా అందులో ఒక పాలు నిజం ఉన్నదని 175 ఏండ్లకు తెలిసినది.

సుమారు 25 కోట్ల సంవత్సరాల క్రిందట, పెర్మియను యుగాంతంలో, భూమిమీది జీవకోటిలో అత్యధిక భాగాన్ని తుడిచిపెట్టిన మహావినాశంలో గ్లాసాప్టెరిస్ అడవులు అంతరించినవి. మిగిలినవి బొగ్గు, అచ్చులు. ఒక్క గజం మందం బొగ్గుపొర కావలెనంటే అంతకు ఎన్నో రెట్లు మందంగా ఆకులు, కొమ్మలు, వేళ్ళు నీటిలో కుళ్ళక పేరుకొని, పైబరువుకు అణగవలెను. ఎన్ని వేల శరత్తులు ఆ చెట్లు ఆకు రాల్చితే ఒక పొర ఏర్పడినదో ఊహించుకొనవలసినదే.

భూపాలపల్లిలో కాకతీయ ఖని అనే పేరుతో భూగర్భ గనులు, ఓపెన్ కాస్ట్ గనులు నడుస్తున్నవి. చెల్పూరు వద్ద కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్రం ఉన్నది. దాని 500 మెగావాట్ల తొలి యూనిట్టు 2010లో విద్యుత్తు ఇవ్వసాగినది, తరువాత 600 మెగావాట్ల యూనిట్టు చేరినది. మన ఇండ్లలో రేడియో పలికేది, దీపం వెలిగేది ఇటువంటి చోట్ల పుట్టిన విద్యుత్తుతోనే. గనిలో పైకప్పు కూలే భయంతో, వేడిలో, చీకటిలో పనిచేసే కార్మికుని చెమట ఇందులో ఉన్నది. దానిని మరచి మాట్లాడడం న్యాయం కాదు. అదేవిధంగా, ఆ అడవి లక్షల సంవత్సరాలపాటు గాలినుండి తీసి దాచిన బొగ్గుసారాన్ని మనం కొన్ని దశాబ్దాలలో తిరిగి గాలిలో కలుపుతున్నామన్న సంగతీ మరువరాదు. దాని ఫలితమైన వేడిమి మన వేసవులలోనే తెలుస్తున్నది.

ఇందులో మరొక నష్టం ఉన్నది. దానిని గురించి మాట్లాడేవారు తక్కువ. ఆకుల అచ్చులు ఎక్కువగా ఉండేది బొగ్గులో కాదు. బొగ్గును అంటి ఉన్న పలకరాతిలో. ఓపెన్ కాస్ట్ గనిలో బొగ్గు అందాలంటే పైనున్న రాయినంతా త్రవ్వి గుట్టలు పోయవలసిందే. గనివారి లెక్కలో అది పనికిరాని మట్టి. చరిత్రకారుని లెక్కలో అది గ్రంథాలయం. బొగ్గు కాలినా దాని విలువ విద్యుత్తు రూపంలో ఎవరికో ఒకరికి దక్కుతుంది. గుట్టలో కలిసిన ఆకు అచ్చు రెండు వర్షాకాలాలు తడిసి చిట్లితే ఇక ఎవరికీ దక్కదు.

దీనికి పెద్ద నిధులు, పెద్ద సంస్థలు ఉండితీరవలెనని మేము అనుకొనము. కాళేశ్వరానికి ఆవలి ఒడ్డున, సిరొంచ ప్రాంతంలో, ఇంతకంటె తరువాతి కాలపు శిలాజాలు దొరికిన చోట ఒక శిలాజవనం ఏర్పరచినారు. వెరీనిగింగ్‌లో రాళ్ళు సేకరించినవాడు గొప్ప ఆచార్యుడు కాడు. రాయిని పారవేయక ముందు ఒకసారి త్రిప్పి చూచే అలవాటు ఉన్నవాడు. ఆ అలవాటు లేకపోతే 1952 నాటి ఆవిష్కారం జరిగి ఉండేది కాదు.

శిలాజం పట్టుబడిన స్థలం, లోతు, పొర పేరు వ్రాసిపెట్టక తీసుకొనిపోతే దాని విలువ సగం పోతుంది. గనులలో ప్రవేశం అందరికీ ఉండదు, ఉండకూడదు కూడ. కాని గని అధికారులు తలచుకొంటే, ఆకు అచ్చున్న పలకలను వేరుగా తీయించి, ఊరు, పొర, తేదీ వ్రాయించి, భూపాలపల్లిలోని ఒక పాఠశాలలోనో, కళాశాలలోనో ఒక గదిలో ఉంచవచ్చును. గోడమీద రుద్రమదేవి పటం ప్రక్కన నాలుక ఆకారపు రాతి ఆకు ఉంటే, దానిని చూచిన కోయ బాలికకు తన బంధుజాతి పేరు ఏ మహాఖండానికి ఎందుకు వచ్చినదో ఉపాధ్యాయుడు చెప్పగలడు. శాసనం ఉన్న బండను పగులగొట్టి కంకర చేస్తే మనకు కోపం వస్తుంది. 29 కోట్ల సంవత్సరాల శాసనానికీ ఆ పాటి గౌరవం మనము ఇవ్వవలెను.